గుర్రానికి గుడ్డు, చేపపొడి, పట్టుపురుగుల పొడి... ఎవరైనా నిజంగా పెట్టిన్రా?

చేతక్_శంకర్‌పల్లి
అందరికీ నమస్తే. నా దగ్గర ఒక మార్వాడీ ఆడగుర్రం ఉన్నది, ఆరేండ్లు, పేరు రాణి. దాని పిల్లను పాలు మాన్పించి రెండు నెలలైంది. అప్పటి సంది వెన్ను మీద కండ పోయింది, జీను వేస్తే రెండు దిక్కుల గుంటలు కనవడ్తున్నయ్, పొట్ట మాత్రం ఇంతలావు. ఇప్పుడు పెట్టేది వరిగడ్డి, రెండు కిలోల గోధుమ పొట్టు, కొంచెం బెల్లం. ప్రోటీన్ తక్కువైంది అని అందరూ అంటున్నరు కానీ ఏం పెట్టాల్నో ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తున్నరు. మా సయీసు (గుర్రాన్ని చూసుకునేటోడు) రోజూ నాలుగు కోడిగుడ్లు పచ్చివే కొట్టి పొయ్యమంటడు, మా బావమరిదికి కోళ్ళ ఫారం ఉంది, లేయర్ మాష్ (గుడ్లు పెట్టే కోళ్ళ దాణా) ఫ్రీగా ఇస్త తీసుకపో అంటడు, యూట్యూబ్ల ఒకాయన చేపపొడి అంటడు. పెండ్లిళ్ళ సీజన్ ముంగట ఉన్నది, బరాత్‌లకు పంపాలె. నిజంగా పెట్టినోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి, విన్న ముచ్చట్లు వద్దు.

భీమారం_రొయ్య
చేపపొడి అయితే మా ఊళ్ళో దొరకనిది లేదు బ్రదర్ 😀 మంచి రకం 60 శాతం పైనే ప్రోటీన్ ఉంటుంది, రొయ్యల మేతకీ చేపల మేతకీ అదే కదా వాడేది. కానీ గుర్రం తింటుందా అని నాకూ డౌటే, మా చెరువు గట్టు మీద మేతబస్తా విప్పితే మనుషులే ముక్కు మూసుకుంటారు. సరుకు మాత్రం చూసి కొనుక్కోవాలండోయ్, ఉప్పు ఎక్కువ ఉంటుంది, ఇసక కలుస్తుంది, కొందరు మహానుభావులు టెస్టులో ప్రోటీన్ ఎక్కువ చూపించడానికి యూరియా కూడా కలిపేస్తారు. ల్యాబ్ వాడు నైట్రోజన్ కొలిచి 6.25తో గుణించి ప్రోటీన్ అని రాసిస్తాడు, ఆ నైట్రోజన్ చేపదో యూరియాదో ఆ లెక్కకి తెలీదు.

జట్కా_బండి
గుర్రం శాకాహారి సార్. దానికి చేపలు, గుడ్లు ఏంటి? రేపు అదే గుర్రం మీద స్వామివారి ఊరేగింపు అంటే ఏం సమాధానం చెప్తారు? మా తాత జట్కా తోలేవాడు, ఉలవ గుగ్గిళ్ళు, పచ్చగడ్డి, అంతే. ఆ గుర్రం ఇరవై రెండేళ్ళు బతికింది.

పాత_పుటలు
జట్కా గారూ, మీ బాధ అర్థమైంది కానీ గుర్రానికి మాంసం, చేప పెట్టడం కొత్త సంగతేం కాదండీ. మార్కో పోలో అరేబియా తీరంలో షిహ్ర్ అనే ఊరి గురించి రాస్తూ అక్కడ గడ్డి దొరక్క గుర్రాలకీ ఒంటెలకీ చిన్న చిన్న ఎండుచేపలే పెడతారన్నాడు. ఆ పక్కనే ధోఫార్‌లో ఇబ్న్ బతూతా కూడా పశువులు సార్డీన్ చేపలు తింటున్నాయని ఆశ్చర్యపోయాడు. ఐస్‌లాండ్‌లో చలికాలం గుర్రాలకి ఉప్పు హెర్రింగ్ చేపలు వేసేవాళ్ళు. 1907-09లో షాకిల్టన్ అనే అన్వేషకుడు దక్షిణ ధ్రువం వైపు వెళ్ళినప్పుడు మంచూరియా పోనీల కోసం మౌజీ రేషన్ అని ప్రత్యేకంగా పట్టుకెళ్ళాడు, అందులో ఎండబెట్టిన మాంసం, క్యారెట్లు, పాలు, ఎండుద్రాక్ష, పంచదార ఉండేవి. అంటే గడ్డి మొలవని చోట మనిషి తన దగ్గర ఏది ఉంటే అది పెట్టాడు, ఆకలికి గుర్రమూ తింది.

మన దగ్గరికొస్తే ఇంకా తమాషా. మార్కో పోలోయే మాబార్‌లో గుర్రాలకి అన్నమూ ఉడికించిన మాంసమూ పెడతారని, అందుకే గుర్రాలన్నీ చచ్చిపోతున్నాయని రాశాడు.

ఉలవచారు_ప్రియుడు
మాబార్ అంటే మన మోటుపల్లేనా? రుద్రమదేవి కాలంలో వచ్చాడు కదా ఆయన.

పాత_పుటలు
కాదండీ, చాలామంది అక్కడే పొరబడతారు. మోటుపల్లిని ఆయన ముత్ఫిలి అన్నాడు, అది కాకతీయుల రేవు. మాబార్ అంటే తమిళ తీరం, పాండ్యులది. అన్నం మాంసం కథ అక్కడిది, మన మీద వెయ్యకండి. వస్సాఫ్ అనే పర్షియన్ రచయిత కూడా మాబార్ గుర్రాల గురించే రాస్తూ వేయించిన బార్లీ, నెయ్యి కలిపిన ధాన్యం పెట్టి, కాచిన ఆవుపాలు తాగిస్తారన్నాడు. హోర్ముజ్ నుంచి అంత బంగారం పోసి తెప్పించుకున్న గుర్రాలు ఏడాది తిరక్కుండానే పోయేవట. పోవడానికి తిండి ఒక్కటే కారణం కాదు లెండి, నాడాలు కొట్టేవాళ్ళు లేరు, వైద్యం తెలిసినవాళ్ళు లేరు, వ్యాపారులు వాళ్ళని రానిచ్చేవాళ్ళూ కాదు, గుర్రాలు చస్తేనే కదా మళ్ళీ అమ్ముడుపోయేది.

చేతక్_శంకర్‌పల్లి
అన్నా హిస్టరీ మస్తుగుంది కానీ నా రాణికి రేపు పొద్దుగాల ఏం పెట్టాలె అది చెప్పండి 🙏

లాయం_లెక్కలు
చెప్తా భయ్యా, ఫస్ట్ బరువు తేల్చుకో. టేప్ తీసుకుని ముందుకాళ్ళ వెనకాల ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీయి, దాన్ని దానితోనే గుణించు, భుజం మొన నుంచి పిరుదు మొన దాకా పొడవుతో మళ్ళీ గుణించు, వచ్చినదాన్ని 11,880తో భాగించు. వచ్చేది కిలోలు. కాటా కాదు గానీ కంటి అంచనా కన్నా వెయ్యి రెట్లు నయం.

చేతక్_శంకర్‌పల్లి
చుట్టు 165, పొడుగు 150 వచ్చింది. 344 కిలోలు చూపిస్తుంది.

లాయం_లెక్కలు
350 అనుకుందాం. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2007 పట్టిక ప్రకారం పని లేని గుర్రానికి కిలో బరువుకి 1.26 గ్రాముల ప్రోటీన్, అంటే రాణికి రోజుకి 441 గ్రాములు. మామూలు పని చేస్తే 500, 540 దాకా. అందులో లైసిన్ అనే అమైనో ఆమ్లం 4.3 శాతం ఉండాలి, అంటే 19 గ్రాములు. గుర్రానికి ముందుగా తక్కువపడేది లైసినే, అది చాలకపోతే మిగతా ప్రోటీన్ ఎంత పోసినా కండ కట్టదు, ఇటుకలు లారీల్లో దిగుతూనే ఉంటాయి సిమెంటు ఉండదు అన్నట్టు.

ఇప్పుడు నువ్వు పెట్టేది చూడు. వరిగడ్డిలో ప్రోటీన్ 3, 4 శాతం, ఐదు కిలోలకి 200 గ్రాములు. గోధుమ పొట్టు 15 శాతం, రెండు కిలోలకి 300. మొత్తం 500, కాగితం మీద పాస్! కానీ వరిగడ్డి ప్రోటీన్ దాదాపు అరగదు, అది లద్దెలో పోయేదే. పొట్టులో లైసిన్ 12 గ్రాములకి అటూ ఇటూ. కావాల్సింది 19. మొన్నటిదాకా పిల్లకి పాలిచ్చింది, పాలిచ్చే తల్లికి కావాల్సింది ఇంతకి రెండింతల పైనే, అది ఎక్కడి నుంచి తీసి ఇచ్చింది మరి? వెన్ను మీద నుంచే.

ఇప్పుడు మీ సయీసు చెప్పిన నాలుగు గుడ్ల లెక్క. ఒక గుడ్డుకి ఆరు గ్రాములు, నాలుగుకి 24 గ్రాములు, లైసిన్ రెండు గ్రాములు కూడా రాదు. నాణ్యత సూపరే, కానీ సముద్రంలో కాకిరెట్ట.

మలక్‌పేట_పాత_కాపు
గుడ్ల సంగతి నేను చెప్తా. రేసు లాయాల్లో నలభై ఏండ్ల కింద ప్రతి సయీసు పెట్టేటోడు, ఇప్పటికీ చాటుగా పెట్టేటోళ్ళున్నరు. గుడ్డు, బెల్లం, నెయ్యి కలిపి ఉండ చేసి నోట్లె పెట్టేది. ఐర్లండ్ల ఆర్కిల్ అని గుర్రముండె, 1964, 65, 66 మూడేండ్లు వరసగా చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్ రేసు కొట్టింది, దానికి దాణాల గుడ్లు, గిన్నెస్ బీరు కలిపి పోస్తుండ్రి. అది చూసి ఊరూరా గుడ్లు మొదలువెట్టిన్రు. ఆర్కిల్ గెలిచింది గుడ్లతోటి కాదు, అది ఆర్కిల్ కాబట్టి గెలిచింది. గుడ్డు పోస్తే వెంట్రుక జర మెరుస్తది, అది గుడ్డుల కొవ్వు వల్ల. పిడికెడు అవిసె గింజలు పెట్టినా అంతే మెరుస్తది. పచ్చి తెల్లసొన రోజూ పోస్తే బయోటిన్‌ను కట్టేస్తది, మనం డెక్కలు గట్టివడాలని పైసలు పెట్టి కొనేది కూడా గదే బయోటిన్.

ఇంకో మాట, నీ గుర్రం రేసులకు పోదు కాబట్టి పర్లేదు కానీ పోయేదుంటే ఏది పడితే అది పెట్టొద్దు. కోకో పొట్టు కలిసిన దాణా తిన్నా శాంపిల్‌ల థియోబ్రోమిన్ అనే నిషేధ పదార్థం వస్తది, గుర్రం సస్పెండ్.

పాడేరు_పోనీ
అవిసె అంటే ఏ అవిసె గురూగారూ? మా వైపు అవిసె అంటే చెట్టు, ఆకు కూర వండుకుంటాం, మేకలకీ వేస్తాం.

మలక్‌పేట_పాత_కాపు
చెట్టు కాదు తమ్మీ, అవిసె గింజలు, హిందీల అల్సీ అంటరు. దుకాణంల ఊకె అవిసె అని అడిగితే ఏదో ఒకటి కట్టిస్తడు, చూస్కోని తీస్కో.

పశువైద్యం_తిరుపతి
ఆలస్యంగా చూశాను. అన్నిటికన్నా ముందు ఒక ముఖ్యమైన మాట, ఎవరూ పట్టించుకోలేదు. శంకర్‌పల్లి గారూ, మీ బావమరిది ఇస్తానన్న కోళ్ళ దాణా దయచేసి లాయం గుమ్మం లోపలికి కూడా రానివ్వకండి.

కోళ్ళ దాణాల్లో, ముఖ్యంగా పెరిగే పిల్లల దాణాల్లో, కాక్సీడియా అనే పేగుల జబ్బు రాకుండా మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కలుపుతారు. కోడి దానికి తట్టుకుంటుంది, పశువులూ కొంతవరకు తట్టుకుంటాయి, గుర్రం మాత్రం తట్టుకోదు. కిలో బరువుకి 2, 3 మిల్లీగ్రాముల మోనెన్సిన్ చాలు ప్రాణం పోవడానికి, అదే కోడికి ప్రాణం తీయాలంటే దానికి వంద రెట్లు దాకా కావాలి. గుండె కండరం దెబ్బతింటుంది. బతికి బయటపడ్డ గుర్రం కూడా నెలల తర్వాత పరిగెత్తుతూ పరిగెత్తుతూ కూలిపోవచ్చు. విరుగుడు మందు లేదు. లేయర్ మాష్‌లో అది ఉండదు కదా అంటారు, ఉండకపోవచ్చు, కానీ అదే మిక్సర్‌లో అంతకుముందు ఏం కలిపారో మీకు తెలుసా? నేను సర్వీసులో ఉండగా ఒక ఫాంహౌస్‌లో మూడు గుర్రాలకి ఇలాగే మిగిలిపోయిన దాణా వేశారు. నేను వెళ్ళేసరికి ఒకటి పడిపోయి ఉంది, రెండోది చెమటలు కారుతూ నిలబడలేక వణుకుతోంది. మూడోది తిండి దగ్గర మిగతా రెండిటి చేత తన్నులు తినేది కాబట్టి తక్కువ తిని బతికింది.

పశువుల దాణా బస్తాల విషయంలోనూ అంతే, కొన్నింటిలో మోనెన్సిన్ ఉంటుంది, కొన్నింటిలో యూరియా ఉంటుంది. యూరియాని ఆవు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు ప్రోటీన్‌గా మార్చి కిందికి పంపుతాయి, ఆవు దాన్ని అరిగించుకుంటుంది. గుర్రానికి ఆ ఏర్పాటు వెనక పేగులో ఉంది, అప్పటికే ప్రోటీన్ పీల్చుకునే చిన్నపేగు దాటిపోయింది, కాబట్టి యూరియా వల్ల దానికి లాభం దాదాపు సున్నా. అందుకే గుర్రానికి ప్రోటీన్ అంటే ఎంత అన్నదానికన్నా చిన్నపేగులో ఎంత అరుగుతుంది అన్నదే ప్రశ్న.

చేతక్_శంకర్‌పల్లి
డాక్టర్ సాబ్, చదువుతుంటే చేతులు వణికినయ్. నిన్ననే ఒక బస్తా తెచ్చి షెడ్ల పెట్టిన, ఇంకా విప్పలే. ఇప్పుడే బావమరిదికి ఫోన్ చేసి తీస్కపొమ్మన్న. వానికి కోపమొచ్చింది, రానీ.

హిందూపురం_పట్టు
అయితే మా సరుకు గురించి ఎవురూ అడగలేదే! పట్టుగూళ్ళ నుంచి దారం తీసినాక లోపల పురుగు మిగుల్తాది కదా, ప్యూపా. మాకాడ రీలింగ్ యూనిట్ల ముందర గుట్టలు గుట్టలుగా పడుంటాది. ఎండబెట్టి పొడి కొడితే సగం పైనే ప్రోటీన్, నూనె తీసేసిందైతే ఇంకా ఎక్కువ, 70 దాకా పోతాది. కోళ్ళకీ, చేపలకీ కొనకపోతారు. గుర్రానికి ఎవురైనా పెట్టినారో లేదో నాకు తెల్దు, పెట్టి చూస్తామంటే ఒక పది కిలోలు పంపిస్తా, డబ్బులొద్దు, బస్సు చార్జీ మీరు పెట్టుకోండి.

డాలస్_దాణా
హాయ్ ఆల్, డాలస్ నుంచి. మా అమ్మాయి రైడింగ్ నేర్చుకుంటోంది, మాకు రెండు క్వార్టర్ హార్స్‌లు ఉన్నాయి. ఇక్కడ పురుగుల ప్రోటీన్ అంటే బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వా గురించే మాట్లాడతారు, యూరప్‌లో 2017లో చేపల మేతకి, 2021లో కోళ్ళకి పందులకి ఒప్పుకున్నారు. గుర్రాల వాళ్ళు మాత్రం ఇంకా అల్ఫాల్ఫా, సోయా మీల్ దగ్గరే ఉన్నారు, మేము కూడా. నాకు అర్థం కానిది ఏంటంటే ఇండియాలో లూసర్న్ (అల్ఫాల్ఫానే) దొరకదా? మేము ఎండు అల్ఫాల్ఫా వేస్తాం, 17 నుంచి 20 శాతం ప్రోటీన్, లైసిన్ ఉంటుంది, కాల్షియం ఉంటుంది, ఇంత కష్టం ఎందుకు?

చేతక్_శంకర్‌పల్లి
దొరుకుతది మేడం, పచ్చిది కట్టలు మొజంజాహీ దిక్కు అమ్మేటోళ్ళుంటరు అంటే పొయ్యొస్త. నాకు దగ్గర్ల దొరికేది వరిగడ్డి ఒక్కటే, మా ఊరంత వరే.

కోనసీమ_అజొల్లా
అజొల్లా (నీళ్ళ మీద తేలే చిన్న మొక్క) పెంచుకోండి సార్! తొట్టి కట్టుకుంటే ఇంట్లోనే ప్రోటీన్, 25 శాతం! ఖర్చే లేదు! మా ఆవులకి వేస్తున్నాం!

లాయం_లెక్కలు
ఆ 25 శాతం ఎండిన అజొల్లాలో అన్నా. తొట్టిలోంచి తీసిన కిలోలో 940, 950 గ్రాములు నీళ్ళే. మిగిలిన యాభై అరవై గ్రాముల్లో పాతిక శాతం అంటే 12, 15 గ్రాములు. కిలో అజొల్లా రెండు గుడ్లతో సమానం. రాణికి లోటు తీరాలంటే రోజూ ఒక స్విమ్మింగ్ పూల్ మేపాలి.

కోనసీమ_అజొల్లా
మీరు అలా వెటకారం చేస్తే ఎలా, మా ఆవులు పాలు పెరిగాయి.

లాయం_లెక్కలు
ఆవు సంగతి నేను కాదనట్లా అన్నా, సారీ. గుర్రం గురించే నేను చెప్పింది.

ఒంగోలు_గిత్త
మా వైపు పేపరు మిల్లుల కోసం వేసిన సుబాబుల్ ఎకరాలకి ఎకరాలు ఉంది, ఆకు పప్పుజాతిదే, ప్రోటీన్ 20 పైన. మేకలు పడి తింటాయి. గుర్రానికి కోసి వెయ్యొచ్చుగా?

పశువైద్యం_తిరుపతి
వద్దండీ. సుబాబుల్‌లో మిమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. గుర్రం కొన్ని వారాలు తిందంటే జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. బరాత్‌కి పంపాల్సిన గుర్రానికి తోక లేకపోతే ఎలాగో మీరే ఆలోచించండి.

ఆకులు చెక్కలు అన్నీ ఒకే గాటన కట్టకూడదు కాబట్టి ఇంకొన్ని కూడా చెప్పేస్తాను, మళ్ళీ ఎవరో ఒకరు అడుగుతారు. ఆముదం చెక్క ముట్టుకోవద్దు, అందులో రిసిన్ ఉంటుంది, ఆ విషానికి గుర్రం అన్ని పశువుల కన్నా తొందరగా లొంగుతుంది. పాలమూరు వైపు ఎరువు కోసం తెచ్చిన ఆముదం చెక్క బస్తాలు, దాణా బస్తాలు పక్కపక్కనే ఉంచుతారు, అది చూస్తే నాకు నిద్ర పట్టదు. జనుము పశువులకి వేస్తారు, గుర్రానికి వద్దు, ఆ జాతి మొక్కలు లివర్‌ని పాడుచేస్తాయి, గింజల్లో ఇంకా ఎక్కువ. వేరుశనగ చెక్కలో 45 శాతం దాకా ప్రోటీన్ ఉంటుంది గానీ లైసిన్ తక్కువ, పైగా బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం. తెలగపిండి కూడా అంతే, వేరే అమైనో ఆమ్లం మిథియోనిన్ బాగుంటుంది, లైసిన్ తక్కువ. బూజుపట్టిన మొక్కజొన్న అయితే ఇంకా దారుణం, దానిలోని ఫ్యుమోనిసిన్ గుర్రం మెదడుని కరిగించేస్తుంది, ఆవు చాలావరకు తట్టుకుంటుంది. ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే పిప్పి చవకగా వస్తోందని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ధాన్యంలో ఉన్న బూజు విషం పిప్పిలో మూడింతలు చిక్కబడుతుంది, టెస్టు చేయించకుండా గుర్రం ముందు పెట్టకండి.

పిల్లిపెసర మాత్రం మంచి మేత. దొరికితే కళ్ళకద్దుకుని వెయ్యండి.

జట్కా_బండి
చివరికి తిరిగి తిరిగి మా తాత దగ్గరికే వస్తున్నారు 🙂 ఉలవలు.

పశువైద్యం_తిరుపతి
అవునండీ, ఒప్పుకుంటున్నాను. ఉలవల్లో 22 శాతం దాకా ప్రోటీన్, పప్పుధాన్యం కాబట్టి లైసిన్ కూడా బాగుంటుంది, తవుడులోనూ పొట్టులోనూ చాలనిది అదే. ఇంగ్లీషువాళ్ళు దాని పేరులోనే గుర్రాన్ని పెట్టారు, హార్స్ గ్రామ్ అని. ఇంకో సంగతి, మీ తాతగారు పచ్చివి పెట్టకుండా గుగ్గిళ్ళు ఎందుకు చేసేవారో తెలుసా? పచ్చి ఉలవల్లో, పచ్చి సోయాలో ప్రోటీన్ అరగనివ్వని పదార్థం ఒకటి ఉంటుంది, ట్రిప్సిన్ ఇన్‌హిబిటర్ అంటాం, ఉడికిస్తే అది పోతుంది.

మలక్‌పేట_పాత_కాపు
డాక్టర్ సాబ్ గట్లనే ఉడికిచ్చుడు పెద్ద పని. మాకు గా రోజులల్ల పెద్ద డేక్షాల పొయ్యి మీద రాత్రంత ఉడుకుతుండె, తెల్లారి లాయమంత గదే వాసన. చలికాలం సయీసులు కూడా గిన్నె పట్టుకొని నిలవడేటోళ్ళు, ఉప్పు కారం ఏసుకుని తినేటోళ్ళు, గుర్రాల వంతు గుర్రాలకు సయీసుల వంతు సయీసులకు.

పశువైద్యం_తిరుపతి
ఇప్పుడు కుక్కర్ ఉందిగా సార్. అయితే ఒకేసారి కిలో పోసేయకండి, పిడికెడుతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పెంచండి, లేకపోతే కడుపునొప్పి వస్తుంది. మొదట పళ్ళు చూపించండి, లద్దె టెస్టు చేయించి పురుగుల మందు తాగించండి. పళ్ళు పదునెక్కి గడ్డి నమల్లేకపోయినా, కడుపులో పురుగులున్నా పైన చెప్పిందంతా వృథా. గోధుమ పొట్టు తగ్గించండి, అందులో భాస్వరం పది వంతులైతే కాల్షియం ఒక వంతు, ఏళ్ళ తరబడి అదే పెడితే మొహం ఎముకలు ఉబ్బుతాయి, పూర్వం పిండిమిల్లుల వాళ్ళ గుర్రాలకి వచ్చేదది.

లాయం_లెక్కలు
డాక్టరు గారు చెప్పినదానికి నా లెక్క. పొట్టు రెండు కిలోల నుంచి అరకిలోకి దించు. ఉలవలు ముప్పావు కిలో పొడిగా తూచి తర్వాత ఉడకబెట్టు, 165 గ్రాముల ప్రోటీన్. ఎండు లూసర్న్ రెండు కిలోలు తెప్పించుకోగలిగితే 350 గ్రాములు. అక్కడే అయిపోయింది లెక్క. లూసర్న్ దొరకని రోజుల్లో కోళ్ళవాళ్ళు డీఓసీ అంటారు చూడు, నూనె తీసిన సోయా చెక్క, అది ఫ్యాక్టరీలో వేడిచేసి వస్తుంది కాబట్టి 300 గ్రాములు చాలు, 140 గ్రాముల ప్రోటీన్, లైసిన్ ఎనిమిది గ్రాములు. అది బావమరిది ఫారం నుంచి కాదు, డైరెక్ట్‌గా నూనె మిల్లు బస్తా సీలు విప్పనిది తెచ్చుకో.

వరిగడ్డి పూర్తిగా తీసెయ్యకు, నమలడానికి ఏదో ఒకటి రోజంతా ఉండాలి.

డాలస్_దాణా
స్కిమ్ మిల్క్ పౌడర్ గురించి ఎవరూ చెప్పలేదు, మా బార్న్‌లో ఒకావిడ పిల్లగుర్రాలకి వేస్తుంది.

పశువైద్యం_తిరుపతి
పిల్లలకి మంచిదే, లైసిన్ బాగా ఉంటుంది. పెద్ద గుర్రానికి మూడేళ్ళు దాటాక పాలలోని చక్కెర అరిగే శక్తి తగ్గిపోతుంది, లద్దె పల్చబడుతుంది. రాణికి అక్కర్లేదు.

పాడేరు_పోనీ
మా కొండగుర్రాలకి ఈ లెక్కలేవీ తెలీవండీ. మిరియాల బస్తా, కాఫీ బస్తా ఎక్కించుకుని సంతకి దిగుతాయి, దింపాక వదిలేస్తాం, కొండ మీద ఏది దొరికితే అది మేస్తాయి. కాకపోతే చిన్న గుర్రాలు, మార్వాడీ అంత ఎత్తు ఉండవు. పచ్చిగా మేసేదాన్ని, కట్టేసి వరిగడ్డి వేసేదాన్ని ఒకలా చూడకూడదేమో.

హిందూపురం_పట్టు
శంకర్‌పల్లి అన్నా, పది కిలోలు బస్సుకి వేసినా. చూడు.

చేతక్_శంకర్‌పల్లి
(ఆరు వారాల తర్వాత)
అందరికీ మళ్ళ నమస్తే. అప్‌డేట్ ఇస్తున్న, లేటైంది, పెండ్లిళ్ళు.

పళ్ళు చూపిచ్చిన, కుడిదిక్కు వెనక పన్ను అంచు కత్తి లెక్క ఉండె, చెంప లోపల పుండు. ఆ అంచు అరగ రాకించిన్రు. పురుగుల మందు తాపిన. అయిన తర్వాతనే దాణా మార్చిన, డాక్టర్ సాబ్ చెప్పినట్టు పిడికెడు పిడికెడు పెంచుకుంట పోయిన. ఉలవలు ముప్పావు కిలో పొద్దున సగం సాయంత్రం సగం, లూసర్న్ వారానికి నాలుగు రోజులు దొరుకుతుంది, దొరకని రోజులల్ల సోయా. పొట్టు అరకిలో. చాతి చుట్టు ఇప్పుడు 169, వెన్ను గుంటలు ఇంకా పూర్తిగ నిండలే కానీ జీను కింద ఇదివరకు పెట్టిన రెండో దుప్పటి తీసేసిన. పొట్ట తగ్గింది, అది విచిత్రం, మేత పెరిగితే పొట్ట తగ్గుడేంది.

పశువైద్యం_తిరుపతి
అది గడ్డిపొట్ట అండీ, అరగని వరిగడ్డి పేగుల్లో నిలబడి ఉబ్బేది. కొవ్వు కాదు. ఇంకో రెండు నెలలు ఇలాగే నడిపించండి, రోజూ కొంచెం ఎత్తు ఎక్కించి దించండి, మేత ఒక్కటే వెన్ను కండ తీసుకురాదు.

హిందూపురం_పట్టు
నా ప్యూపా పొడి ఏమైందన్నా?

చేతక్_శంకర్‌పల్లి
అన్నా ఏమనుకోకు. ఒక చెంచా ఉలవలల్ల కలిపి పెట్టిన. మూతి పెట్టింది, పైపెదవి ఇంతెత్తు లేపి నా మొహంల మొహం పెట్టి చూసింది, డబ్బా తన్నింది. రెండోనాడు బెల్లం కలిపి పెట్టిన, బెల్లం వాసన తగిలే దాకనే ఆగింది. మిగిలింది ఇంటెనకాల కోళ్ళకు ఏసిన, అవి ఎగవడి తిన్నయ్.

హిందూపురం_పట్టు
అట్లయితే బావమరిదికి చెప్పు, బస్తాలు కావాల్నంటే రేటు మాట్లాడుకుందాం 😀

జట్కా_బండి
మార్కో పోలో గుర్రాలు చేపలు తిన్నాయంటే అంత ఆకలి మీద ఉన్నాయన్నమాట. మన రాణమ్మకి ఇంకా అంత కరువు రాలేదు.

ఉలవచారు_ప్రియుడు
అన్నీ బాగానే ఉన్నాయి గానీ శంకర్‌పల్లి గారూ, ముప్పావు కిలో ఉలవలు రోజూ ఉడకబెడుతున్నారు కదా, ఆ ఉడికిన నీళ్ళు ఏం చేస్తున్నారు? పారబోస్తున్నారా? కొంపదీసి పారబోస్తున్నారా??

చేతక్_శంకర్‌పల్లి
పారబోస్తమా అన్నా, మా అమ్మ కుక్కర్ మూత తియ్యకముందే గిన్నె పట్టుకొని నిలవడ్తది. సగం రాణి దాణాల్నే కలుపుత, సగం ఇంట్లకు చారు. నిన్న బావమరిది కూడా వచ్చి తిన్నడు, కోపం తగ్గినట్టే ఉంది.